చైనా వాళ్లకు ఇంగ్లీషు ‘టేక్’ నేర్పిన సంగతి

2018లో నేను చైనాలోని నాంజింగ్‌లో ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉన్నాను. పాఠాలు ఇంగ్లీషులోనే జరిగేవి. కానీ ఆరేళ్ల కోర్సులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడి ఆసుపత్రిలో, అక్కడి రోగుల మధ్య చేయాలి. పైగా డిగ్రీ చేతికి రావాలంటే చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే నాలుగో లెవెల్ పాసవ్వాలని మా యూనివర్సిటీ షరతు. అప్పట్లో నాలుగో లెవెల్ అంటే 1200 మాటలు రావాలి. మా తెలుగు బ్యాచ్‌లో చాలామందికి అప్పటికి కూరగాయల బేరానికి సరిపడా చైనీస్ తప్ప రాదు.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా ట్యూషన్లు చెప్పి డబ్బు తీసుకోకూడదు. అందుకని అక్కడ అందరూ చేసే పనే నేనూ చేశాను, యూబన్‌లను వెతుక్కున్నాను. యూబన్ అంటే భాషకు జోడీ. వాళ్లు మనకు చైనీస్ చెబుతారు, మనం వాళ్లకు ఇంగ్లీషు చెబుతాం. డబ్బుల ఊసు ఉండదు. మహా అయితే బాతు రక్తం వేసిన సేమ్యా సూపు ఒకరికొకరు కొనిపెట్టుకుంటారు. అది నాంజింగ్ వాళ్లకు ప్రాణం. నేను మాత్రం ఆ రక్తం ముక్కలు పక్కకు తీసేసి సేమ్యా తినేదాన్ని.

నాకు దొరికింది ముగ్గురు. ఒక నర్సింగ్ అమ్మాయి, మెడిసిన్ చదివే ఇద్దరు అబ్బాయిలు. అమ్మాయికి సింగపూర్‌లో నర్సు ఉద్యోగం చేయాలని కోరిక. అబ్బాయిలకు సీఈటీ సిక్స్ టెన్షన్. ఇది చైనా కాలేజీ విద్యార్థులు రాసే ఇంగ్లీషు పరీక్ష, ఏడాదికి రెండుసార్లు జూన్‌లో, డిసెంబరులో పెడతారు. 710 మార్కులకు 425 వస్తే పాసైనట్టే లెక్క. ముగ్గురూ నన్ను ‘షుయే జియె’ అనేవారు. మన దగ్గర జూనియర్లు అక్కా అన్నట్టే.

వాళ్లు మాటలు బట్టీ పట్టే తీరు చూసి మొదట్లో నాకు కళ్లు తిరిగాయి. ‘ఎ’ నుంచి వరసగా పదాల పుస్తకం, పక్కన చైనీస్ అర్థం. చాలా పుస్తకాల్లో మొట్టమొదటి మాట ‘అబాండన్’, అంటే వదిలేయడం. మొదటిరోజు ఆ మాట నేర్చుకుని, చెప్పినట్టే పుస్తకం వదిలేశామని అక్కడ ప్రతి విద్యార్థీ వేసే జోకు. జోకు వేస్తారు గానీ వదలరు. అబాండన్‌కు మాత్రం ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది, దానికి ఒక్కటే పని కాబట్టి. ఇబ్బందంతా అందరికీ వచ్చనుకునే చిన్న మాటలతోనే.

అది బయటపడింది నర్సింగ్ అమ్మాయికి ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయిస్తున్నప్పుడు. నేను రోగిని, తను నర్సు. గ్రామర్ చక్కగా ఉంది, ఉచ్చారణ ఫర్వాలేదు. ఉన్నట్టుండి ‘పొద్దుటి మందు తిన్నారా’ అని ఇంగ్లీషులో అడిగింది. చైనీస్‌లో ‘ఛి యావ్’ అంటారు, అంటే అచ్చంగా మందు తినడమే. ఇంగ్లీషులో ఇక్కడ టేక్ అనాలని చెప్పాను. వెంటనే నోట్సు తీసి టేక్ పేజీ చూపించింది. నంబర్లు వేసి ఇరవై పైచిలుకు అర్థాలు రాసుకుంది. మొదటిది ‘నా’, అంటే చేత్తో పట్టుకోవడం, తీసుకోవడం. మందు కూడా ఆ వరసలో ఎక్కడో ఉంది. పట్టికలో తప్పులేమీ లేవు, డిక్షనరీ చూసి రాసుకున్నదే. అయితే రోగి ఎదురుగా ఉన్నప్పుడు పద్నాలుగో అర్థమా పదిహేనోదా అని ఎవరు వెతుక్కుంటారు?

చైనాలో ఇంగ్లీషు పరీక్షలకు చదివేవాళ్లు ఇలాంటి వాటికి ఒక పేరు పెట్టుకున్నారు, ‘షూ త్స షంగ్ యి’. తెలిసిన మాట, తెలియని అర్థం అని. కోచింగ్ పుస్తకాల్లో దానికి ప్రత్యేకంగా అధ్యాయాలుంటాయి. ఆ అధ్యాయాలు కూడా మళ్లీ పట్టికలే. ఇరవై అర్థాలను ముప్పై చేయడం వల్ల ఈ అమ్మాయికి ఒరిగేదేమీ లేదనిపించింది.

అందుకని పని తలకిందులు చేశాం. టేక్‌ను పక్కన పెట్టి, వార్డులో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏమేం జరుగుతాయో ముందు చైనీస్‌లో రాయమన్నాను. ముగ్గురూ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని పోటీపడి రాశారు. జ్వరం, బీపీ ‘లియాంగ్’ చేస్తారట, అంటే కొలవడం. రక్తాన్ని ‘ఛౌ’ చేస్తారు, లాగడం. ఎక్స్‌రేకి ‘పాయ్’, ఫోటోకి వాడే మాటే. జబ్బు చరిత్రకు ‘వన్’, అడగడం. కుట్లకు ‘ఛాయ్’, పాత గోడలు కూలగొట్టడానికి కూడా అదే వాడతారు. చొక్కాకు ‘తువో’, విప్పడం. సెలవును ‘ఛింగ్’ చేస్తారు, అర్థించడం. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సుకు ‘ద్జువో’, కూర్చోవడం.

ఒక్కోదానికీ ఒక్కో క్రియ. పక్కన నేను ఇంగ్లీషు రాసుకుంటూ పోయాను. టేక్ టెంపరేచర్, టేక్ బీపీ, టేక్ బ్లడ్, టేక్ యాన్ ఎక్స్‌రే, టేక్ హిస్టరీ, టేక్ ఔట్ ద స్టిచెస్, టేక్ ఆఫ్ యువర్ షర్ట్, టేక్ లీవ్, టేక్ ద బస్. పేజీ అయ్యేసరికి అబ్బాయిల్లో పొడుగాటివాడు ఇంగ్లీషు వాళ్లకు ఇంత బద్ధకమా అన్నాడు.

మరి మీ భాషలో ఎలా అంటారని అమ్మాయి అడిగింది. మూడో గడి గీసి తెలుగు రాశాను. జ్వరం చూస్తాం, బీపీ చూస్తాం, రక్తం తీస్తాం, ఎక్స్‌రే తీస్తాం, హిస్టరీ కనుక్కుంటాం, కుట్లు విప్పుతాం, మాత్ర వేసుకుంటాం, సెలవు పెడతాం, బస్సు ఎక్కుతాం. రాస్తుంటే నాకే విచిత్రంగా తోచింది. తెలుగు ఇంగ్లీషు పక్కన కాదు, చైనీస్ పక్కన నిలబడింది. చిన్నప్పటి నుంచి టేక్ వాడుతున్నా, ఈ సంగతి ఎప్పుడూ నా దృష్టికి రాలేదు.

ఆ కాగితం మీద రెండో పని, అక్కర్లేనివి కొట్టేయడం. బీపీని ‘మెజర్’ చేశామన్నా, రక్తం ‘డ్రా’ చేశామన్నా అవి మంచి ఇంగ్లీషే. చైనీస్ నుంచి నేరుగా వచ్చినా తప్పుపట్టాల్సిందేమీ లేదు. అన్నిచోట్లా టేక్ ఇరికించాలనే పట్టుదల దేనికి? కొట్టేశాక నిజంగా సరిదిద్దాల్సినవి కొన్నే మిగిలాయి. మందు తినడం, బస్సు కూర్చోవడం, పరీక్షలో పాల్గొనడం లాంటివి. ఇంగ్లీషు చెప్పే చాలామంది ఈ వడపోత చేయరు. అన్నీ తప్పులే అన్నట్టు ఎర్రసిరాతో దిద్దుతారు. పిల్లలకు నోరు పడిపోతుంది.

మందు దగ్గర మాత్రం అమ్మాయి ఒక పట్టాన ఒప్పుకోలేదు. నోట్లో వేసుకుని మింగేదాన్ని తినడం అంటే తప్పేమిటని. ఎవరు చెప్పినా వినదు. చివరికి సంచీలోంచి తన జలుబు మందు డబ్బా తీసింది. డబ్బా మీద ‘ఛి’ అనే మాటే లేదు. ‘ఫూ యోంగ్’ అని ఉంది. డాక్టర్లు, మందుల కంపెనీలు రాతలో వాడే మాట అది. నోటి మాటలో తినడం, కాగితం మీద ఫూ యోంగ్. అంటే వాళ్ల భాషలోనూ మందుకు అన్నానికి లేని మర్యాద ఒకటి ఉంది. తర్వాత ఇన్సులిన్ సంగతి వచ్చింది. ఇన్సులిన్ తింటామా అన్నాను. లేదు, దానికి ‘దా’ అంటాం అంది. ఇన్‌హేలర్‌కో? దానికి పీల్చడం అంది. ఇంగ్లీషులో ఈ మూడూ టేక్‌లోనే ఇమిడిపోతాయి. మింగినా, పొడుచుకున్నా, పీల్చినా మందు ఒంట్లోకి వెళ్లిందా లేదా అన్నదే ఆ మాట అడుగుతుంది. రోగి ఏ రూపంలో మందు వాడుతున్నాడో తెలియనప్పుడు ఈట్ అంటే ప్రశ్నే తప్పుతుంది. ఈ కారణం నర్సు బుర్రకు సరిగ్గా ఎక్కింది. ఆ తర్వాత మందు తినడం మళ్లీ ఆమె నోట వినలేదు.

ఇన్సులిన్‌కు ‘దా’ అందే, ఆ మాట నన్ను వదల్లేదు. తెలుగువాళ్ల చెవికి దా అంటే రమ్మన్నట్టే ఉంటుంది. చైనీస్‌లో దా అంటే కొట్టడం. హెచ్‌ఎస్‌కే పుస్తకంలో ఎక్కడ చూసినా అదే. ఫోన్ దా, టాక్సీ దా, ఇంజెక్షన్ దా, తుమ్ము దా. వీటన్నిటిలో కొట్టడం ఎక్కడుందో అర్థంకాక నేను కూడా అచ్చం ఆ అమ్మాయిలాగే నంబర్లు వేసుకుని బట్టీ పడుతున్నాను. వాళ్ల టేక్ నాకు దా అన్నమాట.

కళ్లజోడు అబ్బాయికి సాహిత్యం పిచ్చి. ఈ దా గురించి సోంగ్ రాజుల కాలంలోనే ఒక పెద్దమనిషి విసుక్కున్నాడని అతను చెప్పాడు. ఆయన పదకొండో శతాబ్దపు రచయిత ఓయాంగ్ షియూ. గొప్పవాడూ సామాన్యుడూ అని లేకుండా లోకమంతా కలిసి తప్పుగా వాడుతున్న మాట ఇదొక్కటేనని రాసి, కింద ఉదాహరణలు ఇచ్చాడట. పడవ చేయడం దా, బండి చేయడం దా, చేపలకు దా, నీళ్లకు దా, కూలీల అన్నానికి దా, గొడుగుకు దా. ‘బండి దా’ అంటే అప్పట్లో బండి తయారుచేయడం, ఇప్పుడు అదే మాటకు టాక్సీ మాట్లాడుకోవడం అని అర్థం.

ఆ వరస వింటూ నేను మధ్యలో ఆపి మళ్లీ చెప్పమన్నాను. చేపలు, నీళ్లు, గొడుగు. చేపలు పడతాం, నీళ్లు పడతాం, గొడుగు పడతాం. మూడింటికీ తెలుగులో ఒకటే క్రియ, ‘పట్టు’! వెయ్యేళ్ల కిందట ఆయన ఎత్తిచూపిన చోట్లలో మూడు మన పట్టుతో సరిగ్గా కలిశాయి. అక్కడి నుంచి కాగితం మీద పట్టు గురించి రాయడం మొదలుపెట్టాను. నిద్ర పడుతుంది, చెమట పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, బస్సు పట్టుకుంటాం, దొంగను పట్టుకుంటాం, జలుబు పట్టుకుంటుంది, పనికి టైం పడుతుంది. వీటిని తెలుగు పిల్లలకు ఎవరూ నంబర్లు వేసి నేర్పరు. పట్టుకు ఎన్ని అర్థాలని అడిగితే నేను నీళ్లు నమలాల్సిందే. కానీ నిద్ర అనగానే పట్టడం దానంతట అదే నోట్లోకి వస్తుంది.

వాళ్లకు చెప్పాల్సింది అదే అనిపించింది. టేక్‌కు సొంత బరువు చాలా తక్కువ, బరువంతా వెనక వచ్చే నామవాచకానిది. భాషావేత్తలు ఇలాంటి వాటిని తేలిక క్రియలంటారు. ఆ పేరు పెట్టింది డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్. దా తేలికే, పట్టు తేలికే, టేక్ తేలికే. కాబట్టి టేక్‌ను విడిగా చదవొద్దు, ఎప్పుడు రాసుకున్నా వెనక మాటతో కలిపే రాసుకోవాలని నియమం పెట్టుకున్నాం. పదాల పుస్తకంలో ‘టి’ అక్షరం కింద ఉన్న టేక్‌ను కొట్టేసి, ‘టెంపరేచర్’, ‘లీవ్’, ‘బస్’ పక్కన చిన్న అక్షరాలతో టేక్ అని రాసుకోవాలి. చదివింది గుర్తుందో లేదో చూడాలన్నా నామవాచకమే అడగాలి. నేను ‘పల్స్’ అంటే వాళ్లు ‘టేక్ ద పల్స్’ అనాలి. బదులుగా వాళ్లు గొడుగు బొమ్మ చూపిస్తే నేను ‘దా సాన్’ అనాలి.

పల్స్ దగ్గర కాసేపు పాఠం ఆగిపోయింది. చైనీస్‌లో ‘బా మాయ్’ అంటారు. ‘బా’ అంటే పిడికిట పట్టడం. వాళ్ల సంప్రదాయ వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, ఒక్కో వేలి కింద ఒక్కో స్థానంలో నాడిని చూస్తాడు, రెండు చేతులకూ. కళ్లజోడు అబ్బాయి నా చెయ్యి తీసుకుని చూపించాడు. బొటనవేలి వైపున్న ఎముక బొడిపె దగ్గర మధ్యవేలు, దానికి అటూ ఇటూ మిగతా రెండు వేళ్లు. మన నాటువైద్యులు కూడా మూడు వేళ్లతోనే నాడి పట్టి చూస్తారని చెప్పాను. చూశారా, మళ్లీ పట్టే! మెడికల్ కాలేజీలో మేం నేర్చుకున్న పల్స్ మాత్రం నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందన్న లెక్క దగ్గర మొదలవుతుంది.

చిక్కు పెట్టినవి రెండు. మొదటిది పరీక్ష, క్లాసు. టేక్ ఎగ్జామ్ అంటే రాసేది విద్యార్థి. టేక్ క్లాస్ అంటే? మన దగ్గర ‘సార్ క్లాస్ తీసుకుంటున్నారు’ అంటే పాఠం చెబుతున్నారని. ఇంకొకరు అదే మాటను కోర్సులో చేరడానికి వాడతారు. ఇది కష్టమవుతుందేమో అనుకున్నాను గానీ వాళ్లు చిటికెలో అందుకున్నారు. చైనీస్‌లో ‘షాంగ్ ఖ’ అన్న మాట పాఠం చెప్పే లావ్‌షికీ వర్తిస్తుంది, వినే విద్యార్థికీ వర్తిస్తుంది. ‘ఖావ్’ కూడా అంతే, పరీక్ష పెట్టేవాళ్లకూ రాసేవాళ్లకూ ఒకటే. ఎవరు చేస్తున్నారో చూసి అర్థం చేసుకోవడం వాళ్లకు అలవాటే.

రెండోది టైం. చైనా హైస్కూళ్లలో స్పెండ్, కాస్ట్, పే, టేక్ అనే నాలుగింటినీ ఒక కట్టగా కట్టి చెబుతారు, చైనీస్‌లో ఖర్చుపెట్టడానికి ఒకటే మాట సరిపోతుంది కాబట్టి. ‘ఇట్ టేక్స్’ అని మొదలయ్యే ఫార్ములా ముగ్గురికీ నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ రోగి రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగితే ఫార్ములాలో ఖాళీలు పూరించుకుంటూ నత్తనడక నడిచేవారు. దీనికి వేరే చిట్కా ఏమీ దొరకలేదు. పదేపదే అడిగించుకుని చెప్పించడమే. అందరికీ విసుగొచ్చింది కూడా.

వీటన్నిటికంటే వాళ్లకు నచ్చింది స్కిన్ గ్రాఫ్ట్. కాలిన గాయం మీద చర్మం అతికించాక అది అక్కడ బతికితే ఇంగ్లీషులో ‘ద గ్రాఫ్ట్ హాజ్ టేకెన్’ అంటారు. ఇక్కడ టేక్ వెనక నామవాచకమే లేదు, మా నియమం పనిచేయదు. చైనీస్‌లో దానికి ‘ఛంగ్ హ్వో’, బతికి నిలవడం. తోటమాలి కట్టిన అంటు అతుక్కుందంటామే, అదే ఇది. మొక్కలకూ చర్మానికీ ఇంగ్లీషులో ఒకే మాట. ఇలాంటివి విడిగా గుర్తుపెట్టుకోక తప్పదు, నియమం పేరుతో వీటిని లాక్కురావడం అనవసరం.

ఇంకొక్కటి చెప్పాలి, పరీక్షకు పనికిరాదు గానీ నాకు భలే నచ్చింది. టేక్ ఇంగ్లీషు వాళ్ల సొంత మాట కాదు, వైకింగ్‌ల వెంట స్కాండినేవియా నుంచి వచ్చింది. అంతకుముందు పాత ఇంగ్లీషులో ఆ పని ‘నిమన్’ చేసేది. జర్మన్‌లో ఇప్పటికీ దాని చుట్టం ‘నేమెన్’ ఉంది. ఇంగ్లీషులో నిమన్ పోయినా ఒక ముక్క మిగిలింది, ‘నమ్’. తిమ్మిరెక్కిన చెయ్యికి వాడే ఆ మాటకు పాత అర్థం ‘పట్టుబడినది’. రోజూ వార్డులో రోగిని చెయ్యి నమ్‌గా ఉందా అని అడిగేవాళ్లం, ఒక పాత టేక్‌నే పలుకుతున్నామని ఎవరికి తెలుసు? తెలుగులో నడుం పట్టేసింది, మెడ పట్టేసింది అంటాం కదా. దాన్ని కూడా కాగితం మీద రాసి చూపిస్తే అమ్మాయి ఫోటో తీసుకుంది.

జూన్‌లో నాంజింగ్‌లో వదలకుండా వానలు. ‘మెయ్’ అనే పండ్లు పక్వానికి వచ్చే కాలమని ఆ వానలకు పండు పేరే పెట్టారు. ఆ రోజుల్లో నాకు దా పాఠం పుస్తకం బయటే నడిచింది. హాస్టల్ పిల్లలందరూ సాయంత్రం ఫ్లాస్కులు పట్టుకుని వేడినీళ్ల గదికి వెళతారు. అమ్మాయి కింద నుంచి ‘దా ష్వే’ అని కేకేస్తే ‘నీళ్లు పట్టుకొద్దాం’ అన్నట్టే వినిపించేది, నేను ఫ్లాస్కు తీసుకుని దిగేదాన్ని. కొట్టడం అన్న అర్థం మధ్యలోకి వచ్చేదే కాదు. క్యాంటీన్లో అన్నానికి ‘దా ఫాన్’, చినుకులకు ‘దా సాన్’. హెచ్‌ఎస్‌కే నాలుగు గట్టెక్కాను.

అమ్మాయి ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. ముసలి రోగికి మందులు ఎలా వాడాలో వివరించమన్నారట. తిన్నాక ఏవి, పరగడుపున ఏవి, ఇన్సులిన్ ఎప్పుడు అన్నీ చెప్పింది. ఉద్యోగం వచ్చింది. అబ్బాయిల్లో కళ్లజోడు అతను సీఈటీ సిక్స్ పాసయ్యాడు. పొడుగాటివాడు ఆ విడత వినికిడి భాగంలో దెబ్బతిని డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఈ కాగితం వల్ల మార్కులు పెరిగాయని చెప్పను. సీఈటీలో టేక్ ఎన్నిసార్లు వస్తుంది గనక. వాళ్లు నోరు విప్పేటప్పుడు తడుముకోవడం మాత్రం తగ్గింది.

టేక్ ఆన్, టేక్ ఇన్, టేక్ టు, టేక్ ఆఫ్టర్ లాంటి మిగతా జోడు మాటల జోలికి మేం పోలేదు. వార్డులో వాటితో పనిలేదని అమ్మాయే తేల్చేసింది. ఆ టర్ము అయ్యాక మూడు గడుల కాగితం మా తెలుగు జూనియర్ల చేతికి వెళ్లింది. వాళ్లకు అది తిరగేసి పనికొచ్చింది, తెలుగు గడి మూసి చైనీస్ క్రియలు నేర్చుకోవడానికి. ఇంటర్న్‌షిప్‌కు ముందు లియాంగ్, ఛౌ, ఛాయ్ నోటికి రావాలంటే అంతకంటే పొట్టి పట్టిక దొరకదు. కొత్త టర్ములో పొడుగాటివాడు ‘గెట్’ కావాలని కూర్చున్నాడు. ఈసారి డిక్షనరీ తేలేదు, వార్డులో రోగుల మాటలు రాసుకొచ్చాడు. నయమవడం, ముదరడం, మంచం దిగడం, బట్టలు మార్చుకోవడం, రిపోర్టు అందడం, తల తిరగడం. గెట్‌కు సరిపోయేవాటి పక్కన అప్పటికే చిన్న చుక్కలు పెట్టుకుని ఉన్నాడు.